కంచర వీధి కింద కాపురం

చెన్నగిరిపట్నంలో కంచర వీధి కింద ఎనిమిది వందల ఏళ్ళుగా ఒక కుటుంబం కాపురం ఉంటోందని తేలడంతో, ఆక్రమణ వెంటనే ఖాళీ చేయాలంటూ మునిసిపాలిటీ ఆ కుటుంబానికి నోటీసు ఇచ్చింది. నోటీసు అందరికీ ఇచ్చే నమూనాలోనే ఉంది. పేరు రాయాల్సిన చోట "మధ్యయుగం వారు" అనీ, తండ్రి పేరు దగ్గర "తెలియదు" అనీ రాసి, ఫోన్ నంబరు దగ్గర ఒక గీత గీశారు. బిల్లు కలెక్టరు నిచ్చెన వేసుకుని గోతిలోకి దిగి, దాన్ని మట్టిగోడకి మైదా జిగురుతో అంటించి, అంటించినందుకు రుజువుగా ఫోటో తీసుకుని, ప్యాంటు దులుపుకుంటూ పైకి వచ్చాడు.

ఆ గొయ్యి అసలు మురుగు పైపు కోసం తవ్వింది. పైపు రావడం ఆలస్యమైంది గానీ గొయ్యి మాత్రం అనుకున్న రోజుకే తయారైంది. జేసీబీ తొట్టెలో మట్టితో పాటు ఒక కుండా, ఆ కుండలో సగం ఉడికిన ఉలవలూ పైకి వచ్చాయి. డ్రైవరు బండి ఆపేసి బీడీ వెలిగించుకున్నాడు. కబురు అందుకున్న పురావస్తు శాఖ నీలవేణి అనే ఆఫీసరమ్మను పంపింది. ఆవిడ గోతిలో దారాలు కట్టి, బ్రష్షుతో మట్టి దులిపి, దొరికినవన్నీ వరుసగా రాసుకుంది. గుంజలు పాతిన గుంటలు, తిరగలి, ఇత్తడి కరిగించిన మూసలు, పొయ్యి. పొయ్యిలో బూడిద మీద అరచెయ్యి పెట్టి చప్పున వెనక్కి తీసుకుంది. వివరాల గడిలో "వేడిగా ఉంది" అని రాసి తర్వాతి వస్తువుకి వెళ్ళిపోయింది. దొరికినదాన్ని దొరికినట్టు రాయాలనీ, లేనిపోని ప్రశ్నలు వేసుకోకూడదనీ వాళ్ళ చదువులోనే ఉంటుందట.

ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఈ ఊరికి ఆశ్చర్యపోయే తీరిక ఏనాడూ లేదు, అనుమానపడే తీరికకి మాత్రం లోటు లేదు. కింద కాపురం ఉంటే మరి వాళ్ళకి నీళ్ళెక్కడివి అన్నారు ఒకరు. మన కుళాయిలో ధార ఎందుకు సన్నబడిందో ఇప్పుడర్థమైంది కదా అన్నారు ఇంకొకరు. కరెంటు తీగ ఎక్కడి నుంచి లాగారో చూడమన్నారు. వార్డు కౌన్సిలరు గోతి అంచున నిలబడి, అంతమంది పెద్దలున్న ఇంట్లో ఓట్లెన్ని ఉంటాయో, అవి ఇన్నాళ్ళూ ఎవరికి పడుతున్నాయో కనుక్కోమని మనిషిని పంపాడు. ఆఫీసరమ్మ చేతికి తొడుగులు ఎందుకు వేసుకుందని వీధిలో పెద్ద చర్చే జరిగింది. నిధి దొరికి ఉంటుందనీ, వేలిముద్రలు పడకుండా సర్దేస్తోందనీ తేల్చారు. మర్నాడు గోతి చుట్టూ కోసిన నిమ్మకాయలు కనిపించాయి. నీలవేణి వాటిని కూడా రాసుకుని, పక్కన "ఇప్పటివి" అని పెట్టింది.

ఇంతకీ ఈ ఆక్రమణ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆవిడ రాసిన నివేదికలోంచే వచ్చింది. నివేదిక ఇంగ్లీషులో ఉంది. కంచర వీధి కింద మధ్యయుగపు ఆక్యుపేషనుకు స్పష్టమైన సాక్ష్యాలున్నాయని అందులో రాసింది. పురావస్తు వాళ్ళ లెక్కలో ఆ మాటకి ఒక కాలంలో అక్కడ మనుషులు బతికారని అర్థం. మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఆ మాటకి అర్థం ఒకటే, దాన్ని తెలుగులో ఆక్రమణ అంటారు. అనువాదం చేసిన గుమాస్తా తప్పు ఏమీ లేదు. ఆయన సర్వీసు మొత్తం మీద మనుషులు ఒక చోట బతుకుతున్నారని ఇంకో అర్థంలో రాసిన కాగితం ఏదీ ఆయన బల్ల మీదికి రాలేదు.

సంగతి తెలిసి నీలవేణి మునిసిపాలిటీకి పరుగున వచ్చింది. టౌన్ ప్లానింగ్ సూపర్వైజరు పరాంకుశం ఆవిడకి కుర్చీ వేయించాడు. పరాంకుశం చెడ్డవాడు కాదు. ఎవరింటికైనా కూల్చాలని ఎర్ర గుర్తు పెట్టాల్సి వస్తే ముందు ఆ ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగేవాడు. ఆవిడ చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. అది ఆక్రమణ కాదండీ, నివాసం, వాళ్ళే అందరికంటే ముందు వచ్చినవాళ్ళు అని ఆవిడ నచ్చజెప్పింది.

"కాదనను మేడం. ముందొచ్చినోళ్ళు ఆక్రమణదారులు కాకపోవచ్చు," అన్నాడు పరాంకుశం. "కానీ ఆక్రమణ ఉందని మీరే సంతకం పెట్టి పంపారు గదా. ఆక్రమణ ఉన్నాక ఎవురో ఒకరు చేసి ఉండాలి. కింది వాళ్ళు చేయలేదంటే పై వాళ్ళు చేసుంటారు. ఫైలు మాత్రం ఖాళీగా పోదు."

నీలవేణికి ఆ మాటలో ఎక్కడో తప్పుందని తెలుస్తూనే ఉంది గానీ ఎక్కడుందో చేతికి దొరకలేదు. తవ్వితే దొరికే రకం కాదది.

ఈలోగా కింది నుంచి నోటీసుకి జవాబు వచ్చింది. గోతిలో, నోటీసు అంటించిన గోడకి ఆనించి ఒక నల్లరాతి పలక నిలబెట్టి ఉంది. దాని మీద పాత తెలుగు అక్షరాలు చెక్కారు. ఉలి పొడి ఇంకా అక్షరాల్లోనే ఉంది. నీలవేణి చదివి వినిపించింది. ఈ నేలను కంచరవారికి ఆచంద్రార్కంగా, అంటే సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఉండేలా ఇచ్చామనీ, దీన్ని లాక్కున్నవాళ్ళు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారనీ అందులో ఉంది. కమిషనరు ఆఫీసులో దాన్ని ఇద్దరు మోసుకొచ్చి ఇన్‌వర్డు బల్ల మీద పెడితే బల్ల కాలు విరిగింది. అయినా ముద్ర వేసి రశీదు ఇచ్చారు. జవాబు ఇచ్చారంటే నోటీసు అందినట్టే కదా అని పరాంకుశం ఊపిరి పీల్చుకున్నాడు. కింద మనుషులున్నారో లేదో అన్న సందేహం దాంతో తీరిపోయింది.

శాపం విషయం న్యాయ సలహాదారు చూశాడు. గంగ ఒడ్డు మన మునిసిపాలిటీ పరిధిలోకి రాదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదన్నాడు. గడువు విషయం మాత్రం తహసీల్దారు తేల్చాలన్నాడు. సూర్యుడూ చంద్రుడూ ఇంకా ఉన్నారని ధ్రువీకరణ ఉంటే ఆ హక్కు నిలుస్తుంది, లేదంటే ముగిసినట్టు. తహసీల్దారు ఆఫీసు నుంచి వీఆర్వో విచారణకి బయలుదేరాడు. సూర్యుడున్నాడని నడినెత్తిన ఎండలో నిలబడి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, చెమట తుడుచుకుంటూ రాశాడు. చంద్రుడి విచారణకి ఆయనకి తీరిక దొరికిన రోజు అమావాస్య. చంద్రుడు ఊళ్ళో లేడనీ, ఎక్కడికి వెళ్ళాడో ఇరుగుపొరుగు చెప్పలేకపోయారనీ రాసి పంపాడు. హక్కు ఆ పూటతో రద్దయింది. నాలుగు రోజులాగి మళ్ళీ చూడమని నీలవేణి బతిమాలింది. ఒకసారి లేదని తేలినదాన్ని మళ్ళీ ఉందని రాస్తే మొదటి విచారణ చేసినవాడి మీద అనుమానం వస్తుందని వీఆర్వో దండం పెట్టాడు.

ఇక ఖాళీ చేయించే ఉత్తర్వు ఇవ్వాలంటే ఇంటికి డోర్ నంబరు ఉండాలి. కింది ఇంటికి లేదు. దాని పైన సరిగ్గా ఎవరి ఇల్లుందా అని చూస్తే లక్కోజు సూరాంబ ఇల్లు తగిలింది. ఆవిడ నంబరు ఏడు బై నలభై రెండు. కింది ఇంటికి ఏడు బై నలభై రెండు బై కింద అని ఇచ్చి, ఉత్తర్వు తీసుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

సూరాంబ కంచరి మనిషి. ఆ వీధికి పేరు తెచ్చిన కంచరి కొలుముల్లో మిగిలిన ఒకే ఒక్క కొలిమి ఆవిడది. భర్త పోయాక సుత్తి తనే పట్టింది. ఇత్తడి బిందెలకి సొట్టలు తీస్తుంది, గంగాళాలకి మాట్లు వేస్తుంది, పెళ్ళిళ్ళ సీజనులో కళాయి పూస్తుంది. ఉన్నది ముందు గది, వెనక గది, నడుమ కొలిమి. అంతకు మించి ఆవిడకి లోకంలో ఏ మూలా ఏమీ లేదు. పుట్టిల్లు ఎప్పుడో పోయింది, పిల్లలు కలగలేదు. ఆ ఇల్లు పోతే ఎక్కడికి పోవాలో ఆవిడకి నిజంగానే తెలియదు. ఉత్తర్వు చదివించుకుంది. ఇంట్లోకి పోయి గొళ్ళెం పెట్టుకుని, సుత్తి దెబ్బలు తినే దాగలి పక్కన కూలబడి, చీకటి పడేదాకా లేవలేదు.

వీధికి మాత్రం అప్పుడు అసలైన ఆధారం దొరికినట్టయింది. సూరాంబకి ఎదురుగా జిరాక్సు షాపు నడిపే కోటిలింగం తనంతట తానే వెళ్ళి వాంగ్మూలం ఇచ్చాడు. కింద ఉన్నది కంచరివాళ్ళు, పైన ఉన్నదీ కంచరామె, ఇందులో దాచడానికేముందని అడిగాడు. ఆవిడ సుత్తి దెబ్బ వేసి ఆగుతుందనీ, ఆగిన చోట కింది నుంచి ఇంకో దెబ్బ వినబడుతుందనీ, అప్పుడు ఆవిడ మళ్ళీ వేస్తుందనీ చెప్పాడు. తను ఏళ్ళ తరబడి వింటున్నాననీ, ఏదో సంకేతం నడుస్తోందని అప్పుడే అనుమానం వచ్చిందనీ, కానీ ఎదురింటి మనిషి కదా అని ఊరుకున్నాననీ అన్నాడు. ఒంటరి మనిషికి అంత పెద్ద కుండలో అన్నం ఎందుకని కూడా రాయించాడు. వాంగ్మూలానికి జిరాక్సు తన షాపులోనే తీసి ఇచ్చాడు.

సుత్తి మాట నిజమే. కాపురానికి వచ్చిన కొత్తలో సూరాంబ దాన్ని ప్రతిధ్వని అనుకుంది. భర్త కూడా అట్లాగే అనేవాడు. ఆయన పోయిన తర్వాత ఒకనాడు ఆవిడ రెండు దెబ్బలు వేస్తే కింది నుంచి మూడు వచ్చాయి. ఆవిడ భయపడలేదు. మనిషి అలికిడి విని ఎన్నాళ్ళో అయిన ప్రాణం, ఏడుపొచ్చింది. ఆ తర్వాత రోజూ పని మొదలుపెట్టేటప్పుడు ఒక దెబ్బ వేసి, జవాబు విన్నాకనే కొలిమి రాజేసేది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే అనుమానిస్తారని కాదు, చెప్పుకునేందుకు మనిషి లేక.

విచారణకి పిలిచే ముందు పరాంకుశమే ఇంటికి వచ్చాడు. అలవాటు ప్రకారం మంచినీళ్ళు అడిగి తాగాడు. వీధిలోంచి ఆవిడ గుమ్మంలోకి రావాలంటే మెట్లు దిగాలి. గ్లాసు కింద పెట్టి, అడగబోయే ప్రశ్న ఇదీ అని ముందే చెప్పాడు. కింది వాళ్ళతో ఆవిడకి సంబంధం ఉందా, లేదా. ఉందంటే ఆవిడ వాళ్ళ వారసురాలు అవుతుంది, ఎనిమిది వందల ఏళ్ళ ఆక్రమణకి జవాబుదారు, కాబట్టి ఇల్లు తీసేస్తారు. లేదంటే కింది వాళ్ళు ముందొచ్చినవాళ్ళు కాబట్టి వాళ్ళ నెత్తిన ఇల్లు కట్టింది ఆవిడే, అప్పుడూ ఇల్లు తీసేస్తారు.

సూరాంబ ఆయన మొహంలోకి చూసింది. "రెండిటికీ ఇల్లు తీసేసేదే అయితే ఇంక అడగటం దేనికయ్యా?"

"అడక్కుండా తీసేస్తే అన్యాయం గదమ్మా," అన్నాడు పరాంకుశం. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఎగతాళి రవ్వంత కూడా లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయని మెచ్చుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు సూరాంబ గోతి దగ్గరికి పోయి, పైనుంచి తొంగిచూసి, అమ్మాయ్, నీ కాగితం పుణ్యాన నా కొంప పోతా ఉంది, నువ్వేమో ఆడ బ్రష్షుతో మట్టి దులుపుకుంటా ఉండావు అని నిలదీసింది. నీలవేణి బ్రష్షు పక్కన పెట్టి, ఒకసారి కిందికి దిగి చూడమంది. సూరాంబ చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి నిచ్చెన దిగింది. నీలవేణి గోతి గోడ చూపించింది. గోడ నిండా అడ్డంగా చారలున్నాయి. అన్నిటికంటే పైన ఇప్పటి సిమెంటు, దాని కింద ఇంకో సిమెంటు, దాని కింద తారు, తారు కింద తారు, మళ్ళీ తారు, మళ్ళీ తారు, ఆ కింద కంకర, ఎర్రమట్టి, గులకరాళ్ళు, బండి చక్రాల గాడులు పడిన పాత బాట, ఇంకా కిందికి కిందికి, ఆఖరికి పొయ్యి ఉన్న నేల.

"ఇవన్నీ రోడ్లేనండీ పిన్నిగారూ. ఏ రాజు వచ్చినా పాత రోడ్డు తీయలేదు, దాని మీదే ఇంకోటి వేశాడు," అంది నీలవేణి. "వాళ్ళు ఎక్కడికీ దిగలేదు. ఉన్నచోటే ఉన్నారు. రోడ్డే పైకెక్కింది."

సూరాంబ చాలాసేపు ఆ చారలు చూస్తూ ఉండిపోయింది. అన్నిటికంటే కింది తారు చారలో ఇరుక్కున్న గాజుముక్క ఒకటి మెరుస్తోంది. తను కాపురానికి వచ్చిన ఏడాదే ఆ తారు వేశారు. అప్పుడు తన గుమ్మానికి మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళింది, పారాణి పాదాలతో. ఆ తర్వాత రోడ్డు వేసిన ప్రతిసారీ ఒక మెట్టు తగ్గింది. ఒక ఎన్నికలకి గడప రోడ్డుతో సమానమైంది. ఇంకో ఎన్నికల నుంచి వాన పడితే నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. తనే ఇటుకలు పేర్చి దిగడానికి మెట్లు కట్టుకుంది. ఇన్నేళ్ళూ ఇల్లు పాతబడి కుంగిపోతోందనుకుంది. తన ఇంటిని తనే అనుమానించినందుకు ఆవిడకి సిగ్గేసింది, ఆ వెంటనే కడుపు మండింది.

తవ్వకంలో దొరికినవాటిని ఏం చేస్తారని ఆవిడ అడిగింది. జాబితాకి ఎక్కినదాన్ని కూల్చకూడదని నీలవేణి చెప్పింది. అది సాక్ష్యం కాబట్టి చెక్కు చెదరకుండా ఉంచాలి. పని కోసం అవసరమైతే ఉన్నది ఉన్నట్టుగా పైన కప్పెట్టుకోవచ్చు, అంతే. సూరాంబ ఆ తిరగలినీ, మూసలనీ, పొయ్యినీ మళ్ళీ చూసింది. పొయ్యి మీద అరచెయ్యి పెట్టి, తీయకుండా అట్లాగే ఉంచింది.

విచారణ కమిషనరు గదిలో జరిగింది. వీధి జనం వరండా నిండా నిలబడ్డారు. కోటిలింగం ముందు వరసలో ఉన్నాడు. పరాంకుశం ప్రశ్న చదివి వినిపించి, ఉంది లేదు అని రెండు గడులున్న కాగితం ఆవిడ ముందు పెట్టాడు. సూరాంబ దాన్ని పక్కకి జరిపింది.

"సంబంధం ఉండటమేందయ్యా, నేను వాళ్ళలో దాన్నే," అంది. "వాళ్ళ మీద రోడ్డేసినారు, నా మీదా ఏస్తా ఉండారు. వాళ్ళు ముందు పోయినారు, నేను ఇంకా పూర్తిగా పోలేదు, అంతే తేడా. ఆ అమ్మాయికి దొరికినవాటిలో నన్నూ నా ఇంటినీ కలిపి రాసుకోండి."

పరాంకుశం నిబంధనలు తిరగేశాడు. కంచర వీధి మధ్యయుగ ఆక్రమణ అంటే రోడ్డు మట్టానికి దిగువన ఉన్న నివాసం అని ఆ ఫైల్లో ఆయనే నిర్వచనం రాసి ఉన్నాడు. సూరాంబ గడప రోడ్డు మట్టానికి దిగువన ఉన్న మాట కూడా ఆయనకి తెలుసు, నీళ్ళు తాగడానికి మెట్లు దిగిన మనిషి. ఆవిడ పైన ఉన్న ఆక్రమణదారు కాదు, ఎందుకంటే పైన లేదు. వారసురాలూ కాదు, ఎందుకంటే వారసులు తర్వాత వస్తారు, ఈవిడ అందులోనే ఉంది. అంటే జాబితాకి ఎక్కాల్సిన మనిషి, జాబితాకి ఎక్కినదాన్ని కూల్చకూడదు. కమిషనరు ఆ తర్కం విని తల ఊపాడు. ఎవరినీ ఖాళీ చేయించకుండా, ఏమీ కూల్చకుండా, ఎవరికీ పరిహారం ఇవ్వకుండా ఫైలు ముగుస్తోందని అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది.

నీలవేణి సూరాంబ ఇంటికొచ్చి జాబితా రాసింది. తిరగలి తర్వాత మూసలు, మూసల తర్వాత లక్కోజు సూరాంబ, ఆడమనిషి, ఒకటి. పదార్థం, కొలతలు, స్థితి అనే గడులు వరుసగా నింపింది. వివరాల గడి దగ్గర కలం ఆగింది. సూరాంబ చెయ్యి పట్టుకుని, కాసేపు వదలకుండా కూర్చుని, "వెచ్చగా ఉంది" అని రాసింది. నీలవేణి కళ్ళు తుడుచుకోవడం చూసి, ఎదురు షాపులోంచి కోటిలింగం, లోపల ఏదో పంపకం జరుగుతోందని పక్కవాళ్ళకి చెప్పాడు.

రోడ్డు పని వెంటనే మొదలైంది. పైపు ఇంకా రాలేదు కాబట్టి పైపు లేకుండానే గొయ్యి పూడ్చారు. సాక్ష్యాలకి దెబ్బ తగలకుండా ముందు మెత్తటి ఇసుక పోసి, ఆ పైన కంకర పరిచారు. సూరాంబ ఇల్లు కూడా ఇప్పుడు జాబితాలో సాక్ష్యమే కాబట్టి, దాని మీద ఇనప చువ్వలు అడ్డంగా పరిచి, పలకలు వేసి, సిమెంటు పోశారు. పనివాళ్ళు మర్యాదస్తులు. పోసే ముందు పెద్దమ్మా లోపలే ఉండావా అని పిలిచి, ఉండా అన్నాక పోశారు. గుమ్మం ఉన్న చోట గుండ్రటి ఇనప మూత ఒకటి బిగించారు. ఆవిడ వస్తువులు ఇచ్చి పుచ్చుకోవడానికి అది చాలు. సొట్టబోయిన బిందె మూత మీద పెట్టి రెండుసార్లు తడితే, తీసుకుంటుంది. బాగైన బిందె సాయంత్రానికి మూత పక్కన ఉంటుంది. ఇంటి పన్ను కాగితం కూడా అందులోంచే వేస్తున్నారు. నంబరు మారింది. ఆవిడది ఇప్పుడు ఏడు బై నలభై రెండు బై కింద. పాత కింది ఇల్లు బై ఇంకా కింద అయింది.

ఇల్లు మిగిలిందని సూరాంబ మొదట్లో సంతోషించింది. ఇప్పటికీ సంతోషంగానే ఉందని నీలవేణి చెబుతుంది. ఆవిడ నెలకోసారి తనిఖీకి వచ్చి, మూత ఎత్తి పలకరించి, స్థితి గడిలో "మార్పు లేదు" అని రాసుకుని పోతుంది. ఒకసారి అడిగితే, కింది చప్పుడు ఇప్పుడు ఇదివరకటి కంటే దగ్గరగా వినబడుతోందని సూరాంబ చెప్పిందట. పొద్దున్నే ఒక దెబ్బ వేస్తే గోడ పక్క గదిలోంచి పలికినట్టు పలుకుతోందట. ఎండ మాత్రం కొంచెం గుర్తొస్తుందని అందట.

కొత్త రోడ్డు చాలా బాగుందని వీధి మెచ్చుకుంది. తొలి వానకి నీళ్ళు కోటిలింగం షాపులోకి వచ్చాయి. ఆయన తిట్టుకుంటూ గుమ్మానికి అడ్డంగా ఒక వరస ఇటుకలు పేర్చాడు. ఒకప్పుడు కస్టమర్లు రెండు మెట్లెక్కి వచ్చేవాళ్ళని ఎవరో గుర్తు చేస్తే, మెట్లు అరిగిపోయాయన్నాడు. తర్వాత కొన్నాళ్ళకి జిరాక్సు మిషను ఆపినప్పుడల్లా నేల కింద ఏదో తడుతున్నట్టు వినిపించసాగింది. మిషనే అనుకున్నాడు. మిషను అమ్మేసి కొత్తది కొన్నాడు. చప్పుడు పోలేదు. ఒకరోజు షట్టరు సగం దించి, ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసుకుని, మడమతో నేల మీద ఒకసారి తట్టాడు. కింది నుంచి రెండుసార్లు వచ్చింది.

ఆ మర్నాడే టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్ళి, తన షాపు కింద ఎవరో అక్రమంగా ఉంటున్నారనీ, సూరాంబే అటు జరిగి ఉంటుందనీ ఫిర్యాదు చేశాడు. పరాంకుశం కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించాడు. అంతా రాసుకుని, సొరుగులోంచి ఉంది లేదు అని రెండు గడులున్న కాగితం తీసి ఆయన ముందుకి జరిపాడు. కింది వాళ్ళతో మీకేమైనా సంబంధం ఉందా అని అడిగాడు.

కోటిలింగం కలం తీసుకున్నాడు. ఒక గడి మీద పెట్టబోయి, ఆగి, రెండో దాని మీదికి తెచ్చి, అక్కడా ఆగాడు. ఎదురింట్లో జరిగిందంతా దగ్గరుండి చూసిన మనిషి, జిరాక్సులు తీసిన మనిషి. చివరికి గొంతు తగ్గించి, ఏది రాస్తే తన షాపు మీద రోడ్డు వేయకుండా ఉంటారో చెప్పమని బతిమాలాడు.

"రోడ్డు ఎట్టాగూ ఏస్తాం కోటిలింగంగారూ, అంచనాలు కూడా అయిపోయినయ్యి," అన్నాడు పరాంకుశం అనునయంగా. "మీరు ఏది రాసినా పర్లేదు."

అది విన్నాక కోటిలింగానికి మనసు కాస్త కుదుటపడింది. చేతికి దగ్గరగా ఉన్న గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి, తన షాపు ముందు బిగించే మూత కొంచెం పెద్దది వేయించమని, ఏ4 కాగితం మడత పడకుండా పట్టాలని చెప్పి వచ్చాడు.